భిక్ష అడిగే గొంతు

హిందీ సినిమా భజనల ప్రస్తావన రాగానే 'బైజూ బావ్‌రా' (1952)లోని 'మన్ తడ్‌పత్ హరి దర్శన్ కో ఆజ్' (హరి దర్శనం కోసం ఈ రోజు మనసు తపిస్తోంది) పాటను తలుచుకోవడం, దాన్ని రాసిన షకీల్ బదాయునీ, బాణీ కట్టిన నౌషాద్, పాడిన మహమ్మద్ రఫీ ముగ్గురూ ముస్లింలేనని ఆ వెంటనే చెప్పుకోవడం ఆనవాయితీ అయిపోయింది. మాట నిజమే. కానీ అక్కడితో ఆగిపోతే ముగ్గురినీ మతసామరస్యానికి ఉదాహరణగా వాడుకుని, వారి పనితనాన్ని పక్కన పెట్టినట్టే అవుతుంది.

ఆ పాట ఆయువుపట్టు దేవుణ్ని పొగడటంలో లేదు, లేమిలో ఉంది. స్తుతించేవాడికి ఎంతో కొంత దక్కి ఉంటుంది. ఇక్కడ పాడేవాడికి ఇంకా ఏమీ దక్కలేదు, గుమ్మం ముందు చేయి చాచి నిలబడ్డాడు. గజళ్లలో ఆరితేరిన షకీల్ ఇందులో బరువైన ఉర్దూ జోలికి పోకుండా 'మోరే' (నా), 'సగ్‌రే' (అన్నీ) వంటి, మథుర ప్రాంతపు బ్రజ్ భాష వాసన గల మాటలు ఏరుకున్నారు. కృష్ణుణ్ని బ్రజ్ భాషలో కీర్తించిన పాతకాలపు కవి రస్‌ఖాన్ ముస్లిమే కనుక, అది షకీల్‌కు పరాయి ఇల్లు కాదు.

నౌషాద్ ఎంచుకున్న రాగం మాల్కౌస్, అంటే స్వరాల లెక్కలో మన కర్ణాటక సంగీతపు హిందోళం. రిషభ పంచమాలు (రి, ప) రెండింటికీ లేవు. అయితే త్యాగరాజస్వామి 'సామజవరగమన'లో తెలుగు చెవికి అలవాటైన ప్రసన్నత ఇక్కడ వినిపించదు; అవే అయిదు స్వరాలు అర్ధరాత్రి బరువును మోస్తాయి. రఫీ మొదట్లో గొంతును అణచిపెట్టి, చరణం చరణానికీ పైకి జరుపుతూ, చివర 'దర్శన్ భిక్షా' ఇమ్మని అడిగే చోట తారస్థాయికి తీసుకుపోతారు. ఆ ఎత్తులో వినిపించేది సంగీత విద్వత్తు కాదు, ఓపిక అయిపోయిన మనిషి. (గాయకులు చాలామంది పోటీల్లో ఈ పాట అందుకుని ఆ చివరి భాగాన్ని తమ సత్తా చూపడానికి వాడుకుంటారు. అక్కడే పాట చచ్చిపోతుంది.)

విశ్వాసం లేనివాడు ప్రార్థన రాస్తే? 'హమ్ దోనో' (1961) కోసం నాస్తికుడైన సాహిర్ లుధియాన్వీ 'అల్లా తేరో నామ్, ఈశ్వర్ తేరో నామ్' రాశారు. జైదేవ్ బాణీకి లతా మంగేష్కర్ ఆర్భాటం లేకుండా ప్రాణం పోశారు. యుద్ధకాలపు కథ కనుక ఆడవాళ్ల పాపిట సిందూరం చెరగకూడదని, తల్లుల, అక్కచెల్లెళ్ల ఆశ తెగకూడదని వేడుకోలు సాగుతుంది. ఆ తర్వాత, బలవంతులకు జ్ఞానం ప్రసాదించమన్న కోరిక వస్తుంది. బలహీనులకు బలమిమ్మని అడగడం ప్రార్థనల్లో మామూలే. బలం ఉన్నవాడికి లోటు ఏమిటో దేవుడికి గుర్తు చేయడం మాత్రం సాహిర్ చేసిన పని.

దేవుణ్ని నిలదీయడం మనకూ తెలుసు. చెరసాలలో మగ్గిన భద్రాద్రి రామదాసు, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావంటూ రాముడికి నగల లెక్క చెప్పాడు. అంత చనువు చూపడానికి సాహిర్‌కు ఒక రాముడు లేడు. బహుశా అందుకే ఆయన తనకంటూ ఏమీ అడగలేదు.