ఎక్కడ ఆగాలో తెలిసిన శాస్త్రవేత్త

వేర్వేరు జీవుల డీఎన్‌ఏను పరీక్షనాళికలో ఒకటిగా అతికించవచ్చని 1972లో లోకానికి చూపించిన జీవరసాయన శాస్త్రవేత్త పాల్ బెర్గ్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన, డేవిడ్ జాక్సన్, రాబర్ట్ సైమన్స్ కలిసి ఎస్‌వీ40 అనే కోతి వైరస్ డీఎన్‌ఏకు బ్యాక్టీరియాకు సోకే లాంబ్డా అనే వైరస్ జన్యువులను, ఈ.కోలై బ్యాక్టీరియా జన్యువులను జోడించారు. వలయంలా ఉన్న డీఎన్‌ఏను ఎంజైముతో ఒకచోట తెంచారు. డీఎన్‌ఏను కూర్చే రసాయనాలను అక్షరాలతో పిలుస్తారు. ఒక ముక్క కొసలకు ‘ఎ’ అక్షరాల తోక, రెండో ముక్క కొసలకు ‘టి’ అక్షరాల తోక తగిలించారు. ఎ, టి వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మధ్యలో మిగిలిన సందులను మరికొన్ని ఎంజైములు పూడ్చేశాయి. జన్యు ఇంజినీరింగ్‌కు అదే పునాది. 1980 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగభాగం బెర్గ్‌కు దక్కింది.

ఈ అతుకు కన్నా, దాని తర్వాత చేయాల్సిన పనిని ఆయన ఆపేయడమే గొప్పదని మేము నమ్ముతున్నాం.

అతికించిన డీఎన్‌ఏను ఈ.కోలైలోకి పంపాలన్నది అసలు ప్రణాళిక. ఎస్‌వీ40 ఎలుకల్లాంటి హ్యామ్‌స్టర్లలో కణుతులు పుట్టిస్తుంది. ఈ.కోలై మనుషుల పేగుల్లో కాపురముంటుంది. ఆ వైరస్ జన్యువులు దాని ద్వారా మనుషుల్లోకి చేరితే అన్నదే భయం. 1971 వేసవిలో బెర్గ్ విద్యార్థిని జానెట్ మెర్జ్ న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాలలో ఈ సంగతి చెబితే, విన్న శాస్త్రవేత్త రాబర్ట్ పొలాక్‌కు గుండె గుభేలుమంది. వెంటనే బెర్గ్‌కు ఫోన్ చేశారు. బెర్గ్‌కు మొదట అది రుచించలేదు. అయినా పదిమందినీ అడిగారు. ప్రమాదం బొత్తిగా లేదని తానే చెప్పలేనని తేలాక ప్రయోగాన్ని పక్కన పెట్టేశారు. చేతికందిన విజయాన్ని అలా వాయిదా వేసుకోవడానికి ఎంత నిబ్బరం కావాలి!

ఆ గుణం ఆయన చదివిన, న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని అబ్రహం లింకన్ హైస్కూల్లోనే అబ్బి ఉంటుంది. అక్కడ సైన్స్ సామగ్రి గది చూసుకుంటూ, బడి అయ్యాక సైన్స్ క్లబ్ నడిపిన సోఫీ వోల్ఫ్ పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పేవారు కాదు, మీరే తేల్చుకోండని ప్రయోగాలకు పురమాయించేవారు. ఆ బడి నుంచి బెర్గ్‌తో కలిపి ముగ్గురు నోబెల్ విజేతలు వచ్చారు.

1974లో బెర్గ్, ఆయన సహచరులు ఇలాంటి కొన్ని ప్రయోగాలను ఎవరూ చేయవద్దని బహిరంగ లేఖ రాశారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సుమారు 140 మంది కూర్చుని, ప్రమాదాన్ని బట్టి జాగ్రత్తలు ఉండాలని, ల్యాబ్ బయట బతకలేని బ్యాక్టీరియానే వాడాలని నిర్ణయించారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాలు వచ్చాయి. దానివల్ల పరిశోధన ఆగిపోలేదు. బ్యాక్టీరియాతో చేయించిన మానవ ఇన్సులిన్‌కు 1982లోనే అనుమతి లభించింది.

అసిలోమార్‌లో లోపం లేదని మేము అనం. వచ్చినవారిలో అత్యధికులు శాస్త్రవేత్తలే. జీవాయుధాలు, మనిషి జన్యువులను మార్చడంలోని నైతికత అనే రెండు పెద్ద ప్రశ్నలను కావాలనే పక్కన పెట్టారు. ఆ బాకీ ఇప్పటికీ తీరలేదు. పిండాల్లో జన్యువులు మార్చి బిడ్డలను పుట్టించే తొందర వద్దని 2015లో హెచ్చరించినవారిలో బెర్గ్ కూడా ఉన్నారు. మూడేళ్లకే చైనాలో ఆ పని జరిగిపోయింది. శాస్త్రవేత్తలు పెద్ద సంఖ్యలో కంపెనీల్లో చేరాక అసిలోమార్ లాంటి ఏకాభిప్రాయం కష్టమని కూడా ఆయన ముందే చెప్పారు. 2023 ఫిబ్రవరిలో, 96 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ప్రయోగంపై అనుమానం లేవనెత్తే జూనియర్ పరిశోధకులకు ప్రతి సంస్థా రక్షణ కల్పించాలి. పిండాల జన్యువులపై ఇకముందు జరిగే ప్రతి చర్చలో రోగులకు, మామూలు పౌరులకు మాట్లాడే హక్కుతో చోటివ్వాలి. అసిలోమార్ పక్కన పెట్టిన ఆ రెండు ప్రశ్నలనే ముందుగా చేపట్టాలి.