పూర్తిచేయడం అనే దురలవాటు

బెంగళూరులో మొదలుపెట్టిన పనిని ముగించడం పెద్దమనిషి తరహా కాదన్న సంగతి ఈ ఊరికి వచ్చిన కొత్తలోనే నాకు కొంత తెలిసింది. 2017లో పని మొదలై ఏళ్ళ తరబడి ఒట్టి స్తంభాలుగా నిలబడిపోయిన ఈజీపుర ఫ్లైఓవర్‌ను చూశాక మిగతాది బోధపడింది. నేను 22 ఏళ్ళుగా అన్నం తింటున్న సాఫ్ట్‌వేరు రంగంలోనైతే 'తొంభై శాతం అయిపోయింది' అనే చోట జనం కాపురాలే పెట్టేశారు. ఇటువంటి సంప్రదాయం గల నగరంలో, అందునా కన్నడం ఒక్క ముక్క రాకుండా తెలుగువాడు పదేళ్ళు నెట్టుకురాగల మారతహళ్ళిలో, నా ఇంట్లోనే ఉండి ఇంజినీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు ఒక చిన్న వీడియో గేము మొదలుపెట్టి, ఏడు వారాల్లో దాన్ని పూర్తిచేశాడు. ఇంటి గుట్టని కప్పిపుచ్చుకోవడానికి మనస్సాక్షి ఒప్పుకోనందువల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట్లో మేమెవరమూ ప్రమాదాన్ని పసిగట్టలేదు. గేము చేస్తున్నానని వాడు ఫోనులో చెప్పినప్పుడు ఒంగోలులో ఉన్న మా బావగారు దాన్ని రమ్మీ అనుకున్నారు. "డబ్బులు పెట్టి ఆడే ఆటల్ని పార్లమెంటే నిషేధించింది కదండీ, మీ ఇంట్లో ఉండి వీడు ఆ పని చేస్తున్నాడా బావగారూ?" అని నన్ను నిలదీశారు. ఆయన చెప్పిన చట్టం 2025 ఆగస్టులో వచ్చిన మాట నిజమేననీ, అయితే పందెపు ఆటల మీద వచ్చిన ఆ నిషేధం సొంతంగా ఆట రాసుకునే కుర్రాళ్ళకు వర్తించదనీ, పైగా యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం కర్ణాటక ప్రభుత్వం 2012లోనే ఒక విధానం ప్రకటించిందనీ నేను వివరించాను. 'ప్రభుత్వ విధానం' అన్న మాట చెవిన పడగానే ఆయన శాంతించి, "అయితే ప్యాకేజీ ఎంత వస్తుందంటారు?" అని అడిగారు. ఏమీ రాదని చెప్పడానికి నోరాడక, "ఇంకా డిజైను దశలో ఉంది" అన్నాను. మా రంగంలో ఈ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు.

ఇంతకీ ఆ ఆట ఏమిటంటే, ఒక కుర్రాడు పెరుగు ప్యాకెట్ పట్టుకుని అంగడి నుంచి ఇంటికి పరుగెత్తుతుంటాడు. దారిలో గుంతలు వస్తాయి. స్పేస్ బార్ నొక్కితే దూకుతాడు. నొక్కకపోతే గుంతలో పడతాడు, ప్యాకెట్ పగులుతుంది, ఆట అయిపోతుంది. అంతే. కథానాయకుడికి గతం లేదు, పగ లేదు, పెళ్ళి కావలసిన చెల్లెలు లేదు. ఆట నిబంధనలన్నీ కలిపి నోటుబుక్కులో సగం పేజీకి వచ్చాయి. వాడు ఆ సగం పేజీని చింపి గోడకు అంటించి, అందులో లేనిదేదీ చేయనని శపథం పట్టాడు. పైథాన్ భాషలో, పైగేమ్ అనే లైబ్రరీ (అంటే, ఆటలకు కావలసిన కోడును ఎవరో ముందే రాసిపెట్టిన మూట) సాయంతో రాయడానికి కూర్చున్నాడు. ఆ రెండూ ఉచితం కావడం వల్ల, కొనుగోలు అనుమతి రాలేదన్న కారణంతో ఒక మూడు నెలలు ఊరికే కూర్చునే సదవకాశం కూడా చేజారిపోయింది.

మొదటి వారంలో తెరమీద కనిపించింది నల్లటి నేపథ్యం, అందులో ఒక తెల్లని చదరం. ఆ చదరాన్నే వాడు 'హీరో' అని పిలిచాడు. కంప్యూటరు తెర మీద కొలత పైమూల నుంచి మొదలై కిందికి పోయేకొద్దీ పెరుగుతుందట; అంటే పైకి ఎగరాలంటే అంకె తగ్గాలి. హోదా పెరిగేకొద్దీ పని తగ్గే వ్యవస్థలో పండిపోయినవాణ్ని కాబట్టి నాకు ఈ సూత్రం చప్పున అర్థమైంది. వాడికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ హీరో దూకమన్నప్పుడల్లా పాతాళానికి దూకాడు. తర్వాత గురుత్వాకర్షణ వచ్చింది. ఆటంతా ఒక గిరగిర తిరిగే చక్రమేననీ, చుట్టుకు మూడే పనులనీ వాడు నాకు చెప్పాడు: ఎవరైనా మీట నొక్కారేమో చూడడం, హీరో కింది వేగానికి కొద్దిగా కలిపి ఆ మేరకు అతన్ని జరపడం, బొమ్మను మళ్ళీ గీయడం. ఎంసెట్ కోసం ఇంటర్లో రెండేళ్ళు బట్టీపట్టిన చలన సమీకరణాలు మొట్టమొదటిసారి కళ్ళముందు ఎగిరి పడుతుంటే చూసి వాడు అర్ధరాత్రి చప్పట్లు కొట్టాడు. పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే మరిచిపోవలసిన సూత్రాలను ఇలా ఎడాపెడా వాడుకుంటే, అంతంత ఫీజులు తీసుకుని నేర్పిన కోచింగు సెంటర్లవారి మనసు ఎంత నొచ్చుకుంటుందో వాడికి పట్టలేదు.

అయితే నేను నిజంగా కలవరపడింది నాలుగో వారంలో. వాడి ల్యాప్‌టాప్ ఎస్పీ రోడ్డులో బేరమాడి కొన్న పాతది, నాది ఆఫీసువాళ్ళు ఇచ్చిన కొత్తది. వాడి దగ్గర సెకనుకు 30 సార్లు తిరిగే చక్రం నా దగ్గర 200 సార్లు తిరగడంతో, వాడి హీరో పెళ్ళి ఊరేగింపులో వరుడిలా నడుస్తుంటే నా హీరో తుపాకి గుండులా పోయి గుంతలో పడుతున్నాడు. వేగవంతమైన యంత్రం ఉన్నవాడికి వేగవంతమైన కష్టాలు ఉండడం ప్రకృతి ధర్మమని నేను సర్దిచెప్పబోయాను. వాడు వినలేదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య నిజంగా ఎంత కాలం గడిచిందో కొలిచి, ప్రతి కదలికనూ ఆ కాలంతో గుణించాడు. తెల్లారేసరికి రెండు యంత్రాల్లోనూ ఒకే గుంత ఒకే దూరంలో, ఒకే వేగంతో వచ్చింది. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే నిబంధన ఒకే రకంగా అమలు కావడం నేను ఈ నగరంలో ఇంతవరకు చూడలేదు. (ఔటర్ రింగ్ రోడ్డు గుంతలు ఆటోనూ ఆడీనీ ఒకే చూపు చూస్తాయి కాబట్టి, వాటిని మినహాయిస్తున్నాను.)

ఇంతకంటే ఘోరమైనది మన్నింపు. హీరో గుంత అంచు దాటిపోయాక కూడా సెకనులో పదో వంతు లోపు మీట నొక్కితే, దూకినట్టే లెక్క. ఆట రాసేవాళ్ళు దీన్ని 'కయోటీ టైమ్' అంటారట. అంతేకాక, తెర మీద గుంత ఎంత వెడల్పుగా కనిపిస్తుందో అందులో పడ్డట్టు లెక్కగట్టే ప్రాంతం అంతకంటే కొంచెం ఇరుగ్గా ఉంటుంది. "ఎందుకురా ఈ దొంగలెక్క?" అని అడిగితే, "కచ్చితంగా లెక్కగడితే ఆడేవాళ్ళకు అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది మావయ్యా, వేలికీ కంటికీ మధ్య కొంచెం ఆలస్యం ఉంటుంది కదా" అన్నాడు. ఉదయం తొమ్మిదీ ఒక నిమిషానికి వేలు పెడితే సగం రోజు జీతం కోసే యంత్రం ముందు నేను 22 ఏళ్ళు నిలబడ్డాను. మనిషి వేలికి ఆలస్యం సహజమని ఆ యంత్రాన్ని రాసినవాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడం వల్లనే సంస్థ ఇంతటిదైంది.

ఇక చేతులు కట్టుకు కూర్చోవడం తగదని ఒక ఆదివారం డైనింగు టేబుల్ దగ్గర సమీక్షా సమావేశం ఏర్పాటు చేశాను. అనుభవజ్ఞుడిగా నా వంతు సూచనలు 37 ఇచ్చాను: ఆట తెరవాలంటే ఫోను నంబరు, ఓటీపీ ఉండాలి, బంగారు నాణేలు, వజ్రాలు, పెరుగు పాయింట్లు అని మూడు రకాల చలామణి ఉండాలి, రోజూ వచ్చినవాడికి బహుమతి, రానివాడికి హెచ్చరిక పోవాలి, గుంతలను కృత్రిమ మేధ తవ్వాలి. మా చెల్లెలు వీడియో కాల్‌లో చేరి, హీరోకి హెల్మెట్ పెట్టమంది. బావగారు చివర్లో ఒక ఫైటు అడిగారు. వాడు ఒక్కమాట ఎదురాడకుండా అన్నీ వినయంగా టైపు చేసుకున్నాడు. ఆ వినయానికి నేను పొంగిపోయాను కూడా. ఆ ఫైలు పేరు 'తర్వాత' అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంత చిన్న ఆట ఎవడాడతాడని గట్టిగా అడిగితే వాడు చరిత్ర తీశాడు. 1972లో నోలన్ బుష్నెల్ తన అటారీ అనే ఆటల కంపెనీలో కొత్తగా చేరిన అల్లన్ ఆల్కార్న్‌కు చెయ్యి తిరగడం కోసం అప్పగించిన అభ్యాసమే పాంగ్ అనే ఆట అయిందట. రెండు కర్రలు, ఒక చుక్క, అంతకుమించి ఏమీ లేదు. 1978లో తోమోహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళు వేగం పుంజుకోవడానికి కారణం, గీయవలసిన బొమ్మలు తగ్గి యంత్రానికి ఊపిరాడడమేనట. ఆయన దాన్ని సరిదిద్దకుండా ఆటలో భాగంగా ఉంచేశాడు. లోపాన్ని సదుపాయంగా ప్రకటించడం మా రంగంలో నిత్యకృత్యం కాబట్టి ఈ ఒక్క ఉదాహరణకు నేను తల ఊపాను. కానీ మేము అలా ప్రకటించిన ఏ లోపాన్నీ జనం చిల్లర పోసి మరీ ఆడలేదన్న తేడా ఉంది.

ఆరో వారంలో వాడు మా అమ్మను, అంటే వాళ్ళ అమ్మమ్మను, తెర ముందు కూర్చోబెట్టాడు. ఆటను పరీక్షించే పద్ధతి ఏమిటంటే, ఆడేవాళ్ళకు ఏమీ చెప్పకుండా, తయారుచేసినవాడు నోరు మూసుకుని పక్కన కూర్చుని చూడాలట. అమ్మకు 74 ఏళ్ళు. ఆవిడ ముందు కీబోర్డును శనగలు చెరిగినట్టు చేత్తో ఒకసారి తడిమింది. పెరుగు ప్యాకెట్టే హీరో అనుకుని, "దీన్ని ఆ పిల్లాడు ఎక్కడికి ఎత్తుకుపోతున్నాడురా?" అంది. మొదటి గుంతలో పడింది. రెండోసారీ అందులోనే పడింది. నేను చెప్పబోతే వాడు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. అయిదోసారి పడ్డాక ఆవిడ కళ్ళజోడు తీసి, "వైకుంఠపాళిలో పాము ఎక్కడుందో ముందే కనపడుతుంది; అయినా నోట్లో పడ్డామంటే అది మన పందెం. నువ్వు చెప్పాపెట్టకుండా కాళ్ళ కింద గుంత తవ్వి, పడ్డావంటే ఎలారా? ఇది ఆట కాదు, మున్సిపాలిటీ" అంది.

ఈ విమర్శకు వాడు ఏమని సమాధానం చెప్పాలి? వాడుకరికి అవగాహన లేదని చెప్పాలి. వివరాలు పత్రంలో 14వ పేజీలో ఉన్నాయని చెప్పాలి. లేదా ఆవిడను ఒక శిక్షణా కార్యక్రమానికి పంపాలి. నేను నా జీవితంలో ఈ మూడూ చేశాను. వాడు మాత్రం "అమ్మమ్మ చెప్పింది నిజమే" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. మర్నాటికి ప్రతి గుంత ముందూ చిన్న ఎర్ర జెండా వచ్చింది, మొదటి మూడు గుంతలు ఇరుకయ్యాయి, పెరుగు ప్యాకెట్ కాస్త చిన్నదైంది. అమ్మ మళ్ళీ ఆడి 12 గుంతలు దాటింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నేల మీద సుద్దముక్కతో పులి-మేక గీసుకుని, మూడు పులులకు పదిహేను మేకలెందుకు, పద్నాలుగైతే ఆట ఎటు ఒరుగుతుంది అన్న విషయం మీద రాత్రి పదింటిదాకా వాదించుకున్నారు. ఆవిడ ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. వీడి కాలేజీలో ఆ సెమిస్టరుకు కట్టిన ఫీజు రసీదు నా బీరువాలో ఉంది.

ప్యాకెట్ పగిలే శబ్దం కోసం వాడు స్నానాల గదిలో తడి తువ్వాలును నేలకేసి కొట్టి ఫోనులో రికార్డు చేశాడు, కింది వాటావాళ్ళు రెండుసార్లు పైకి వచ్చి అంతా క్షేమమేనా అని అడిగి వెళ్ళారు. ఆటలో మాటలు తెలుగులోనూ కన్నడంలోనూ పెడితే, అక్షరాలను కలిపి కూర్చడం ఆ లైబ్రరీకి సరిగా రాక ఒత్తులన్నీ విడిపోయి పక్కన కూర్చున్నాయి. ఈ ఒక్క విషయంలో రెండు భాషలకూ సమానమైన అవమానం జరిగింది. మాటలను బొమ్మలుగా మార్చి అతికించి వాడు ఆ పూట గడిపాడు.

ఏడో వారం శనివారం సాయంత్రం వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "అయిపోయింది మావయ్యా" అన్నాడు. ఆ క్రియాపదాన్ని భూతకాలంలో విని చాలా ఏళ్ళయింది కాబట్టి నాకు వెంటనే అర్థం కాలేదు. "అయిపోయిందంటే? తొంభై శాతమా?" అని అడిగాను. గోడమీది సగం పేజీలో ఉన్నవన్నీ అయిపోయాయనీ, ఎవరైనా ఉచితంగా ఆడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాననీ, రేపటి నుంచి ఇంకో ఆట మొదలుపెడతాననీ చెప్పి, కంచం తీసుకుని అన్నానికి కూర్చున్నాడు. వాయిదా లేదు, రెండో దశ లేదు, ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి లేడు.

ప్రస్తుతం మా ఇంట్లో అమ్మ 63 గుంతలతో ముందంజలో ఉంది. నా లెక్క 11 దగ్గర ఆగిపోయింది. ఇందుకు కారణం స్పేస్ బార్‌లో ఉన్న సాంకేతిక లోపమేనని, దానిపై సమగ్ర విచారణ జరగాలని కోరుతూ నేను మా మేనల్లుడికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. వాడు దాన్ని శ్రద్ధగా చదివి, 'తర్వాత' అనే ఫైలులో 40వ అంశంగా చేర్చుకున్నాడు.