మన ఆచారాలకు ఎవరి కొలతలు?

మొహర్రం వస్తోందంటే అనంతపురం జిల్లా పల్లెల్లో పీర్లచావిళ్లకు సున్నం పడుతుంది. నార్పల మండలం గూగూడుకు ఎక్కడెక్కడి నుంచో జనం చేరుతారు. కుళ్ళాయిస్వామికి చక్కెర చదివించుకునేవాళ్లలో, తెల్లవారుజామున గుండం దగ్గర కాచుకుని నిలబడేవాళ్లలో హిందువులే ఎక్కువ. బిడ్డకు కుళ్ళాయప్ప అనో కుళ్ళాయమ్మ అనో పేరు పెట్టుకున్న ఇళ్లు ఈ సీమలో కొల్లలు. తరాలుగా ఎవరికీ తప్పనిపించని ఈ భక్తి మీద ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఆక్షేపణ మొదలైంది. పీరుకు మొక్కడం హిందూ ధర్మం కాదని ఒక వాట్సాప్ మెసేజ్, పీర్లను ఎత్తడం ఇస్లాం కాదని ఇంకొకటి. ఇద్దరూ అడిగేది ఒక్కటే: ఇది మీ గ్రంథంలో ఎక్కడుంది?

ఇలా అడగడం మన పెద్దల నుంచి వచ్చిన అలవాటని అనుకునేవాళ్లు బొంబాయి పార్సీలకు, అంటే ప్రాచీన ఇరాన్ ప్రవక్త జరతుష్ట్రుడి మతస్థులకు, ఏం జరిగిందో తెలుసుకోవాలి. స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ జాన్ విల్సన్ 1829లో ఆ ఊళ్లో దిగాడు. 1839లో ఇద్దరు పార్సీ యువకులు బాప్తిస్మం తీసుకునేసరికి ఆ సమాజం అట్టుడికిపోయింది. 1843లో విల్సన్ పార్సీ మతం మీద పెద్ద పుస్తకమే రాశాడు. మంచికొక శక్తి, చెడుకొక శక్తి అని చెప్పేది మతమెలా అవుతుందని వాళ్ల గ్రంథాలే చూపించి నిలదీశాడు. పార్సీ పురోహితులకు తమ పవిత్ర గ్రంథం అవెస్తాలోని మంత్రాలు కంఠతా వచ్చు. పంక్తిపంక్తికీ అర్థం చెప్పి బయటివాడితో వాదించాల్సిన అవసరం వాళ్లకు అంతకుముందు రాలేదు. అందుకే తలా ఒక జవాబు చెప్పారు, ఏదీ నిలబడలేదు.

చివరికి దారి చూపింది 1860ల్లో పుణేలో సంస్కృతం బోధించిన జర్మన్ పండితుడు మార్టిన్ హౌగ్. అవెస్తాలో గాథలనే భాగం మాత్రమే జరతుష్ట్రుడి సొంత మాటలని, వాటిలో అహుర మజ్దా ఒక్కడే దేవుడని, మిగతాదంతా తర్వాత చేరిందని ఆయన అన్నాడు. చదువుకున్న పార్సీలకు అది కొండంత ధైర్యమైంది. దేవుడొకడు, ప్రవక్త ఒకడు, మూలగ్రంథం ఒకటి. విల్సన్‌కు జవాబైతే దొరికింది, కానీ అది విల్సన్ కొలతలకే సరిపోయింది. 1882లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) నాయకుడు ఆల్కాట్ బొంబాయిలో ఇందుకు ఎదురుమాట చెప్పాడు. మీ క్రతువుల్లో గూఢార్థం ఉంది, వదులుకోవద్దన్నాడు. దాన్ని పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అంటే సంస్కరణ కోరినవాళ్లకూ వద్దన్నవాళ్లకూ బయటి మాటే ఊతమైంది.

హిందువుల కథ ఇంతకు భిన్నంగా ఏమీ లేదు. రామ్మోహన్ రాయ్ 1828లో బ్రహ్మసమాజం పెట్టినా, దయానంద సరస్వతి 1875లో ఆర్యసమాజం పెట్టి వేదాలకు మళ్లమన్నా, ఆ ఆలోచన సాగింది మిషనరీల విమర్శ హోరెత్తుతున్న రోజుల్లోనే. గాంధీజీ గీతను మొదట చదివింది 1889లో లండన్‌లో, ఇద్దరు దివ్యజ్ఞాన సమాజీకుల పుణ్యమా అని, అదీ ఇంగ్లిష్ అనువాదంలో.

బయటి ప్రభావమంతా చెడ్డదని మేం అనడం లేదు. ఆ మాటంటే ముందు మన వేమనకే ద్రోహం చేసినట్లు. పండితులు పక్కన పెట్టిన వేమన గురించి ఫ్రెంచి కేథలిక్ ఫాదర్ దుబాయ్ రాసింది చదివాకే కదా, కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ తాళపత్రాల కోసం వెతికింది, 1829లో ఆ పద్యాలు అచ్చయింది! సతీసహగమనాన్ని ఆపిన వాదనల్లో, ఆడపిల్లల బడుల్లో కూడా ఆ ఒత్తిడి చేసిన మేలు ఉంది. మా అభ్యంతరమల్లా ఒక్కటే. నిన్నగాక మొన్న అరువు తెచ్చుకున్న కొలతలను సనాతనమని చెప్పి, వాటికి సరిపోని పల్లె భక్తిని కత్తిరించబోవడం అన్యాయం.

దేవుని కడపలో ఉగాది రోజు ముస్లింలు వెంకటేశ్వరుడి గుడికి భత్యం తీసుకొస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అంటారు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మం గారిని తలిచిన నోరు దూదేకుల సిద్ధయ్యను తలవకుండా ఉండదు. పుట్టపర్తి సర్వధర్మ చిహ్నంలో ఓంకారం, నెలవంక, శిలువతో పాటు పార్సీల అగ్ని కూడా ఉంది. మంచి మనసుతో చేసిన పనే అది. అయినా అక్కడ ఏ మతం గుర్తు దానిదే. గూగూడులో మొక్కు చెల్లించే తల్లికి ఆ విడివిడి గుర్తులతో పనే లేదు. ఆమెకు తన మతం తెలియక కాదు. మతాన్ని ఆమె ఇలాగే ఎరుగును.

అందుకే దేవాదాయ శాఖ అధికారులకైనా, వక్ఫ్ బోర్డు పెద్దలకైనా మా విన్నపం ఒకటే: ఈ ఆచారాలను సరిదిద్దే పని పెట్టుకోవద్దు. ఏ ఇంటివాళ్లు పీరును ఎత్తాలి, ఎవరు గుండానికి కట్టెలు పేర్చాలి, ఎవరి మొక్కు ముందు చదివించాలి అన్న కట్టుబాట్లు చాలావరకు పీర్లచావిళ్లను చూసుకునే ముజావర్ల, ఊరి పెద్దల నోటనే ఉన్నాయి. వాళ్లు ముసలివాళ్లవుతున్నారు. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన విశ్వవిద్యాలయాలు తమ చరిత్ర, తెలుగు విద్యార్థులను ఊరూరికీ పంపి, వాళ్లు చెప్పేది చెప్పినట్లు రికార్డు చేయించాలి. వచ్చే మొహర్రంకే ఆ పని మొదలుకావాలి.