ఉద్దానం డయాలసిస్ వాళ్లని చూడ్డానికి వెళ్లే విషయంలో సవరణ

కిందటి పోస్టులో "ఆదివారం ఆరాధన అయ్యాక కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్దాం, వట్టి చేతుల్తో వద్దు" అని రాశాను కదా, దాన్ని చాలామంది పళ్లు, కొబ్బరి బొండాలు అనుకున్నారు, మన ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు ఎవరింటికెళ్లినా బొండాలు పట్టుకెళ్లడం అలవాటే మరి. కానీ దయచేసి అవి వద్దండి. కొబ్బరి నీళ్లలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో బాగా పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. నీళ్లు కూడా డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి వాళ్లు, ప్రేమతో గ్లాసు మజ్జిగ ఇచ్చినా లెక్కలోకి వస్తుంది.

మరి ఏం పట్టుకెళ్లాలి అంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలసిస్ (కిడ్నీ బదులు యంత్రంతో రక్తం శుభ్రం చేయడం) ఉచితమే గానీ వారానికి రెండు మూడుసార్లు అక్కడికి వెళ్లి రావాలి, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు పడుతుంది, తోడొచ్చినవాళ్ల కూలి పోతుంది. ఆటో ఛార్జీ ఇవ్వండి, లేదా బండి మీద మీరే దింపండి, ఆ పూట వాళ్ల పిల్లలకి అన్నం పెట్టండి.

మన సంఘం వాళ్లకేనా అని ఒకరు అడిగారు. కాదు, అందరికీ. మత్తయి 25లో "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి" అన్నాడు ప్రభువు, ఏ సంఘమో అడగలేదు. డయాలసిస్ అయిన రోజు మనిషి బాగా నీరసంగా ఉంటారు, ప్రార్థన చిన్నగా చేసి బేగి వచ్చేయండి, ఫొటోలు మాత్రం తీయొద్దు.