పేజీ అడుగున ఉండే ఫుట్‌నోట్ గారికి

గౌరవనీయులైన బైబిల్ ఫుట్‌నోట్ గారికి వందనాలు.

ఈ మధ్యాహ్నం తమరి గురించి చిన్న రభస జరిగింది. ఆరాధన అయ్యాక సందేహాలకు ప్రత్యేక సమయం ఇస్తామని పాస్టర్ గారు మాటిచ్చారు కదా అని ఆకలి చంపుకుని కూర్చున్నాం. ప్రకటనలు, సాక్ష్యాలు, మళ్లీ ప్రకటనలు. ఆ ప్రత్యేక సమయం కాస్తా చివరి ఐదు నిమిషాలకు వచ్చింది. ఉదయం ప్రసంగం మార్కు 16:17–18 మీద. పాముల్ని ఎత్తి పట్టుకుంటారు, విషం తాగినా హాని కలగదు, ఆ వాగ్దానాలు. దాని కింద తమరు రాసిన మాట లేచి చదివాను: 9 నుంచి 20 వరకు వచనాలు అతి ప్రాచీన ప్రతుల్లో లేవని. వచ్చిన జవాబు: "బ్రదర్, కిందిది మనుషులు రాసింది. పైది చదవండి." ఆపైన నా విశ్వాసం కోసం ప్రార్థన. పేరుతో సహా, మైకులో.

తమరికి ఒక్క మనవి. ఇంత పెద్ద సంగతిని అంత చిన్న అక్షరాల్లో ఎందుకు చెప్పారండీ? సైనాటికస్, వాటికన్ ప్రతులని చేత్తో రాసిన పాత గ్రీకు బైబిళ్లు రెండున్నాయి, రెండూ నాలుగో శతాబ్దానివి. రెండింటిలోనూ మార్కు సువార్త 16:8 దగ్గర ఆగిపోతుంది. స్త్రీలు సమాధి దగ్గర్నుంచి వణుకుతూ పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే. లేచిన యేసు ఎవరికైనా కనిపించే ఘట్టమే లేదు. తమరేమో ఈ కబురు మందు సీసా మీద గడువు తేదీలా ఓ మూల అచ్చేయించుకుని ఊరుకున్నారు.

ఒకటవ యోహాను 5:7 సంగతీ అంతే. పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి (తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ) మాటను పండితుడు ఎరాస్మస్ తన గ్రీకు కొత్త నిబంధన 1516, 1519 ముద్రణల్లో వేయలేదు. విమర్శలు చుట్టుముట్టాక 1522లో చేర్చాడు. మాకు మాత్రం త్రిత్వానికి రుజువని దాన్నే కంఠతా పట్టించారు.

పోనీ, తమరు గొణిగైనా చెప్పారు. నోరున్నవాళ్ల మాటేమిటి? ఇదేమీ రహస్యం కాదు. పాత రాతప్రతులను పోల్చి చూసి వెస్ట్‌కాట్, హోర్ట్ అనే పండితులు కూర్చిన గ్రీకు కొత్త నిబంధన వచ్చింది 1881లో. వేదాంత కళాశాలల్లో ఇది మామూలు పాఠం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషే వేదిక ఎక్కాక, అదే ప్రశ్న మేం అడిగితే సైతాను శోధన అంటాడు! నాకు మండేది ఇక్కడే. వచనాలు పోతే పోనీ. నిజం చెబితే మేం తట్టుకోలేమని తేల్చిందెవరు? దశమభాగం లెక్క చక్కగా అర్థమయ్యే మా బుర్రలకు రాతప్రతుల్లో తేడా అర్థం కాదా? తెలిసి కూడా చెప్పకపోవడాన్ని కాపరితనం అనరు. దాచడం అంటారు.

యేసును పట్టించిన యూదా ఉరేసుకున్నాడని మత్తయి, కిందపడి పొట్ట పగిలిందని అపొస్తలుల కార్యములు. మధ్యలో తాడు తెగిందని రెండూ చెప్పవు, మా సండే స్కూల్ టీచర్ చెప్పారు. మరియ భర్త యోసేపు తండ్రి మత్తయి చెప్పిన యాకోబా, లూకా చెప్పిన హేలీయా అంటే రెండోది మరియ వంశావళి అన్నారు. ఆ జాబితాలో మరియ పేరే లేదు.

అయినా తమరిని పూర్తిగా తిట్టలేను. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 7:53–8:11, అతి పాత ప్రతుల్లో లేదని నాకు చెప్పింది తమరే. తర్వాతి ప్రతుల్లో కొన్నింటిలోనైతే అది ఏకంగా లూకా సువార్తలోకి వెళ్లి కూర్చుంది. ఇది తెలిశాక కూడా ఆ కథ మీద ఇష్టం ఇసుమంత తగ్గలేదు, అదేమిటో. తమరు దాన్ని కొట్టేయలేదు, దాని గురించి అబద్ధమూ ఆడలేదు. ఆమాత్రం మర్యాద నాకు ఇంకెవరూ చేయలేదు.

వచ్చే ఆదివారం పాఠం దావీదు, గొల్యాతు. 2 సమూయేలు 21:19 హెబ్రీ పాఠంలో గొల్యాతును చంపినవాడు ఎల్హానాను. 1 దినవృత్తాంతములు 20:5కి వచ్చేసరికి చచ్చినవాడు గొల్యాతు సోదరుడు. అడగక మానను. ఆ వచనం కింద తమరున్నారో లేదో ఇంకా చూడలేదు. ఉంటే, దయచేసి గొణగకండి.

ఇట్లు,
తమరి పాఠకుడు