టిక్కుమంది, అంతే

కెమెరా కొన్న మనిషి ఎవరన్నది ఇక్కడ అప్రస్తుతం. వయసు యాభై దాటింది, చత్వారం ఉంది, అన్నప్రాశన పిల్లవాడికి చిన్న తాతయ్య వరస. ఇంతవరకు చాలు. "ఫొటోగ్రాఫర్ ఎందుకమ్మా, డబ్బు దండగ, నా కెమెరా వస్తోందిగా" అని పది రోజుల ముందే ఫోన్లో అభయమిచ్చిందీ ఆయనే. ఫొటోగ్రాఫర్‌ని మానిపించేశారు.

పార్సెల్ సరిగ్గా ముందురోజు సాయంత్రం దిగింది. వారం నుంచీ అది భివండీ గోదాములో ఉందా, లారీ ఎక్కిందా అని గంటకోసారి, మగపెళ్లివారి బస్సు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కున్నట్టు కనుక్కోవడమే పని. పరాయివాళ్లు పెట్టెలు విప్పే వీడియోలు పదకొండు చూడటమైంది. అందులో ఒక్క మహానుభావుడూ ఫొటోలు దాచే మెమరీ కార్డు మాట ఎత్తలేదు. వాళ్ల సొరుగుల్లో కార్డులు మరమరాల్లా పడి ఉంటాయి కాబట్టి వాళ్లకది చెప్పాల్సిన సంగతిలా తోచదు.

పెట్టెలో ఉన్నవి: కెమెరా, బ్యాటరీ, చేతికి తగిలించుకునే తాడు, ఒక కేబులు, అరచేతిలో పట్టే పుస్తకం. పుస్తకంలో ఇరవై భాషల్లో నీళ్లలో ముంచొద్దని, నిప్పుల్లో వేయొద్దని ఉంది. చార్జర్ లేదు. ఫోను చార్జరుకే ఆ కేబులు తగిలించి రెండున్నర గంటలు కూర్చోవాలి. పెట్టె అడుగున నువ్వుగింజంత అక్షరాల్లో మెమరీ కార్డు విడిగా కొనుక్కోవాలని ఉంది. పెట్టెను తిరగేసి అడుగు చదివేవాడు ఇలాంటి వ్యాసాల్లోకి ఎక్కడు.

చేతి తాడు దగ్గర ఒక చిట్కా పనికొస్తుంది. కెమెరా పక్కనున్న కన్నం సూది బెజ్జం కన్నా కాస్త పెద్దది, అంతే. తాడు కొసని నేరుగా దూర్చబోతే పోగులు విడిపోయి పువ్వులా విచ్చుకుంటుంది. కుట్టుదారం మడతపెట్టి ఉచ్చులా ముందు అవతలికి పంపి, అందులో తాడు కొసని చిక్కించి వెనక్కి లాగితే ఒక్క లాగులో వచ్చేస్తుంది. ఈ సంగతి తెలిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

బ్యాటరీ వేసి నొక్కగానే కెమెరా భాష అడిగింది. జాబితాలో తెలుగు లేదు. ఇది అసాధ్యమైన కోరికేం కాదు, ఒకప్పటి నికాన్ కూల్‌పిక్స్ కెమెరాల మెనూల్లో తెలుగు ఉండేది. సరే, ఇంగ్లీషే కానిచ్చి, టైము గ్రీన్‌విచ్ కన్నా అయిదున్నర గంటలు ముందుకి పెట్టి, తారీఖు సరిచూసి, ఆవకాయ జాడీని ఒక ఫొటో తీశారు. లెన్సు జుయ్యిమని ముందుకొచ్చింది. టిక్కుమంది. జాడీ తెర మీద రెండు సెకన్లు మెరిసి మాయమైంది. ఆ రెండు సెకన్లలోనే నూనె మీది తేట, మెంతిగింజ, జాడీ అంచున తుడవని కారం వేలిముద్ర అన్నీ కనిపించాయి. ట్యూబ్‌లైటు వెలుగులో, ఫ్లాష్ లేకుండా!

ఊరికే పొగడటం కాదు, కారణం ఉంది. ఈ రకం చిన్న కెమెరాల్లో వెలుతురు పట్టి బొమ్మ చేసే పలకని ఒక అంగుళం సెన్సర్ అంటారు. కొలిస్తే 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. అంగుళమంటే 25.4 కదా, మరి ఈ అంగుళం ఏ బజార్లో కొలిచారంటే, పాతకాలపు టీవీ కెమెరాల్లో ఉండే గాజుగొట్టం బయటి వ్యాసాన్నిబట్టి పెట్టిన లెక్క అది. గొట్టాలు పోయాయి, లెక్క ఉండిపోయింది. అయినా మామూలు ఫోను సెన్సర్ కన్నా పెద్దదే. దాని ముందు ఎఫ్ 1.8 లెన్సు, అంటే బాగా విచ్చుకునే కన్నమున్న లెన్సు ఉంటే వెలుతురు బాగానే పోగవుతుంది. ఇవన్నీ ఇంట్లోవాళ్లకు భోజనం దగ్గర వివరించడం జరిగింది. వాళ్లు మజ్జిగ పోసుకున్నారు.

బ్యాటరీ నిండుగా ఉంటే 250 ఫొటోల దాకా వస్తాయని చదివి, అందులో వెనక్కి తిప్పి చూసుకుంటే ఇంకా త్వరగా అయిపోతుందని ఎక్కడో విని, ఫంక్షను అయ్యేదాకా ప్లే బటన్ ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నారు. పొదుపు మంచిదే. ఈసారి మాత్రం కొంప ముంచింది.

ఇక ముహూర్తం. మగపిల్లవాడికి ఆరో నెలలో కుదరక ఎనిమిదో నెలలో పెట్టారు. అందుకే దోగాడటం వచ్చింది, రాకపోయినా బాగుండేది. వెండి గిన్నెలో పాయసం, అందులో ముంచిన బంగారు ఉంగరం. మేనమామ నాకిస్తుంటే కెమెరా ఆయన "ఆగండాగండి, అయ్యగారూ, గిన్నె కొంచెం ఎత్తి పట్టుకోండి, ఆ... కుడివైపుకి" అన్నారు. పురోహితుడు మంత్రం ఆపి గిన్నె ఎత్తారు. మొహం ముందు మామిడాకు అడ్డొచ్చింది, మళ్లీ ఎత్తారు. పిల్లవాడు కళ్లు మూసుకున్నాడు, మూడోసారి ఎత్తారు. మూడుసార్లూ పిల్లవాడికి పాయసం నాకించారు, మూడోది వాడు మేనమామ పట్టుపంచె మీదే తిరిగి ఇచ్చాడు. మూడూ టిక్కుటిక్కుమన్నాయి.

తర్వాత దేవుడి ముందు చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, నోట్లకట్ట, పూలు, అరిటాకు ముక్క చుట్టిన చాకు వరసగా పెట్టారు. పిల్లవాడు దేన్ని పడితే దాన్నిబట్టి వాడి భవిష్యత్తు. ఈ ఘట్టం రెండోసారి జరగదు, టేకులు కుదరవు. అందుకని కెమెరా ఆయన వస్తువులకు అవతల, పిల్లవాడికి ఎదురుగా, నేల మీద బోర్లా పడుకున్నారు. పంచె కట్టుకుని బోర్లా పడుకోవడం ఒక విద్య, దాని జోలికి ఇప్పుడు వద్దు. ఫోకస్‌ని కదిలే వస్తువు వెంటపడే రకానికి మార్చారు. మొహం గుర్తుపట్టే అమరిక ఆన్ చేశారు. సెకనుకు పది ఫొటోలు తీసే బరస్ట్ పెట్టారు. ఎటూ దడ పుట్టే ఘట్టం కాబట్టి షట్టర్ స్పీడు 500వ వంతు సెకనుకు బిగించారు. ఇందులో ఒక్కటీ తప్పు లేదు. పరీక్ష పెడితే నూటికి నూరు మార్కులు వేయాల్సిన ఏర్పాటు.

పిల్లవాడు కదిలాడు. టకటకటక. పుస్తకం దగ్గర ఆగాడు. మాస్టారుగా రిటైరైన పెదతాతయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నారు. టకటక. వాడు పుస్తకాన్ని మోకాలితో తొక్కి ముందుకెళ్లాడు. నోట్లకట్ట. టకటక. వాసన చూసి వదిలేశాడు. గొలుసు దగ్గర ఆడవాళ్లంతా ఒక్కసారి "బంగారం, బంగారం" అనేసరికి బెదిరి అటు చూశాడు, ఆ చూపుకి తెర మీద పచ్చ చదరం వాడి కన్ను మీదే కూర్చుంది. టకటకటకటక. చాకును దాటాడు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పూలను దాటాడు. వరస అయిపోయింది, వాడు ఆగలేదు. సరాసరి వచ్చి, కెమెరాకి వేలాడుతున్న, నిన్న రాత్రి గంటన్నర కష్టపడి ఎక్కించిన ఆ తాడు కొస పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు.

ఇల్లు గొల్లుమంది. "ఫొటోగ్రాఫరవుతాడే!" "చిన్న తాతయ్య పోలిక!" చప్పట్లు. బోర్లా పడుకున్న మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం నొక్కడం ఆపలేదు. తాడు పట్టుకున్న చిన్న గుప్పిలి, పాయసం అంటిన గడ్డం, వెనక దీపాలు మసకగా గుండ్రంగా. టకటకటకటకటక.

"ఏదీ, నా కళ్లకి చూపించరా" అంది ముత్తమ్మమ్మ. ఎనభై దాటినావిడ కోరిక ముందు ఒట్టు నిలుస్తుందా, ప్లే నొక్కారు. నల్లటి తెర మీద ఏవో రెండు వరసలు. దగ్గరి చూపుకు పెట్టుకునే కళ్లజోడు జేబులో లేదు. ముత్తమ్మమ్మ కళ్లజోడు అడిగి పెట్టుకునేలోపే ఏడో తరగతి చదివే పిల్ల తొంగిచూసి అందరికీ వినబడేట్టు చదివేసింది.

"నో కార్డ్ అని ఉంది తాతయ్యా. పొద్దున్నుంచీ మూల నారింజ రంగులో అదే వెలిగి ఆరుతోంది. ఏదో మోడ్ అనుకున్నా."

కార్డు లేని కెమెరా ఫొటో ఎలా తీసిందంటే, తీయలేదు. సెన్సర్ నుంచి వచ్చిన బొమ్మ ముందు కెమెరా లోపలి తాత్కాలిక మెమరీలో కూర్చుంటుంది, అక్కణ్నుంచి కార్డుకు వెళ్లాలి. కార్డు లేకపోతే మొహం రెండు సెకన్లు తెర మీద చూపించి, తర్వాత వచ్చేవాడికి చోటిచ్చి వెళ్లిపోతుంది. ఇది తెలియక జరిగిన పొరపాటు కూడా కాదు, కావాలని పెట్టిన సదుపాయం. కార్డు లేకుండా షట్టర్ నొక్కనివ్వాలా వద్దా అని మెనూలో ఒక అమరిక ఉంటుంది, దాని పేరు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో రకం. షోరూములో గొలుసుతో కట్టేసిన కెమెరాను వచ్చేపోయేవాళ్లు టిక్కుటిక్కుమనిపించి చూడటానికి, స్టూడియోల్లో ఫొటో నేరుగా కంప్యూటర్లోకి పంపుకునేవాళ్లకి అది కావాలి. బాగానే ఉంది. మరి డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నవాడికి కూడా అది ఆన్ చేసే ఇవ్వడమెందుకు? మూడో పేజీలో, అయిదో ట్యాబులో, బీప్ సౌండుకీ తేదీ ముద్రకీ మధ్య దాచడమెందుకు? బ్యాటరీ లేకపోతే కదలదు, మూత తెరిచి ఉంటే అరుస్తుంది, మనిషి కళ్లు మూసుకుంటే కనిపెట్టి చెబుతుంది. కార్డు దగ్గరే ఎక్కడలేని సౌమ్యం! 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ కట్టిన తొలి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలు దాటిన డబ్బా, తీసేది నలుపు తెలుపు బొమ్మ, ఒక్కటి నమోదు కావడానికి 23 సెకన్లు. అయినా దానికి పక్కనే క్యాసెట్ టేపు ఉంది. దాచుకునే చోటు లేకుండా టిక్కుమనకూడదన్న జ్ఞానం దానికుంది.

ఆ మెనూ తెలుగులో ఉండి "కార్డు లేదు నాయనా" అని మధ్యలో వెలిగితే చత్వారానికైనా ఆనేది.

అల్లుడు జాలిపడి తన ఫోన్లోంచి కార్డు తీసిచ్చాడు. అది మైక్రో, చిటికెన వేలి గోరంత. కెమెరాకి కావలసింది తపాలాబిళ్లంత. మధ్యలో అడాప్టరు కావాలి. స్టేషన్ రోడ్డు మొబైల్ షాపులో దొరికింది. పెడితే కార్డు లాక్ అయి ఉందంది. లేబుల్ మనవైపు పెట్టి చూస్తే ఎడమ అంచున బియ్యపుగింజంత మీట ఉంటుంది. దూర్చేటప్పుడు గోరు తగిలి కిందికి జారిందంటే తాళం పడినట్టే. పైకి జరిపి పెట్టారు. ఈలోగా మెనూలో ఏదో నొక్కేసరికి ఫార్మాట్ చేయమంటారా అంది, అల్లుడు మీదపడి ఆపాడు, వాడి గోవా ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

పిల్లవాడు నిద్రపోయాడు. రెండో బంతి నడుస్తోంది. ఆ కెమెరాలో ఒకటో నంబరు ఫొటో గోంగూర పచ్చడి బకెట్. ఫోకస్ అమోఘం.

తాడు పట్టుకున్న ఘట్టానికి లోకంలో ఉన్న ఏకైక ఫొటో బావగారి ఫోన్లోది. వెనకనుంచి తీశారు. అందులో ముప్పావు భాగం పంచె, బోర్లా పడుకున్న పెద్దమనిషి వెనకభాగం, దాని అవతల జుట్టు కొద్దిగా కనిపించేది పిల్లవాడని ఇంటివాళ్లు చెబితే నమ్మాలి. కుటుంబం గ్రూపులో ఇప్పటికి నలభై ఒక్క నవ్వు బొమ్మలు వచ్చాయి.

పురోహితుడు తాంబూలం పుచ్చుకుని, చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగారు. "బాబుగారూ, ఆ గిన్నె ఎత్తిన ఫొటో నాక్కూడా వాట్సాప్ చేయండి. మూడిట్లో ఏది బాగుంటే అది."