రిపీటర్‌ని సిగ్నల్ లేని గదిలో పెట్టి ఏం లాభం మహాప్రభో

"రౌటర్ వెనక వంటింటి ఫాయిల్ పెట్టండి, మూడు అంతస్తుల్లోనూ నెట్ పరుగెడుతుంది" అని మొదలై, మరో నాలుగు చిట్కాలు చెప్పి, "పదిమందికి పంపండి" అని ముగిసే వాట్సాప్ మెసేజీ మళ్లీ వచ్చింది. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

"యాంటెనాలు ఎన్ని ఉంటే అంత దూరం." కాదు. తర్వాతది.

"రాత్రి రౌటర్ ఆపితే పొద్దున రేంజ్ పెరుగుతుంది." మొరాయించిన రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే దారిలో పడుతుంది, అంతే. స్లాబు పల్చబడదు.

"సిగ్నల్ రాని గదిలో రిపీటర్ పెడితే చాలు, అంతస్తుకొకటి." జేబుకు చిల్లు పెట్టేది ఇదే. రిపీటర్ నెట్ పుట్టించదు, విన్నది తిరిగి చెబుతుంది. ఏమీ వినపడని చోట కూర్చోబెడితే ఏం చెబుతుంది పాపం? ఫోన్‌లో మాత్రం గీతలు నిండుగా ఉంటాయి. అవి ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సంగతి, రిపీటర్‌కీ కింది రౌటర్‌కీ మధ్య సంగతి కాదు. అందుకే గీతలన్నీ ఉన్నా వీడియో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. రిపీటర్‌ని పెట్టాల్సింది మెట్ల మలుపులో. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని చూడండి: మైనస్ 60, 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం) ఉన్నచోట పెట్టొచ్చు, మైనస్ 75 చూపిస్తే వద్దు. అప్పుడైనా ఒకే బ్యాండ్ (ఒకే ఫ్రీక్వెన్సీ శ్రేణి) రిపీటర్ అదే చానల్‌లో విని అదే చానల్‌లో చెప్పాలి కాబట్టి వేగం సగమవుతుంది. దాని మీద ఇంకోటి పెడితే సగంలో సగం. అంతస్తుకొకటట!

ఆ డబ్బుతో ఒక క్యాట్ 6 వైరు (నెట్ కేబుల్) పైకి లాగించండి. 100 మీటర్ల దాకా ఢోకా లేదు. డిష్ వైరు పైపులోంచి లాగండి, కరెంటు పైపులో వద్దు. కొనేముందు తీగ కొస గోకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, షాపులోనే వదిలేసి రండి. లోపలి ఎనిమిది తీగలూ ప్లగ్గులో బిగించేలా క్రింప్ చేయించండి. నాలుగే తగిలితే 100 ఎంబీపీఎస్ దాటదు, మీరేమో 300 ప్లాన్‌కి డబ్బు కడుతుంటారు.

"పైన పాత రౌటర్‌కి వైరు గుచ్చి వదిలేయండి." వదిలేస్తే రెండు రౌటర్లూ ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో ఫోన్‌కి ఇచ్చే నంబర్లు) పంచుతాయి, ఇంట్లో కొన్ని ఫోన్లకు నెట్ ఉండీ లేనట్టే. ముందు దాని అడ్రసు మార్చండి (కిందిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2), డీహెచ్‌సీపీ (ఆ అడ్రసులు పంచే పని) ఆపండి, వైరు వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే రంధ్రం) కాక లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలకు ఇచ్చేది) పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందివే ఇవ్వండి. 2.4 గిగాహెర్ట్జ్ చానల్ మాత్రం వేరుండాలి: కింద 1, పైన 6 లేదా 11.

ఇక ఫాయిల్. ఒప్పుకోక తప్పదు, అది అబద్ధం కాదు. 2017లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీ పరిశోధకులు లోహపు పూత ఉన్న వంపు రేకులతో సిగ్నల్‌ని కావలసిన వైపు మళ్లించి చూపించారు. అయితే ఒకవైపు పెరిగింది ఇంకోవైపు తగ్గుతుంది. పైగా గోడకు ఆనించిన ఫాయిల్ సిగ్నల్‌ని హాల్లోకి తోస్తుంది తప్ప పై అంతస్తుకు ఎక్కించదు. నిలబెట్టిన యాంటెనా సిగ్నల్ గారెలా చుట్టూ పరుచుకుంటుంది, నడుమ పైకీ కిందికీ చిల్లే. పై అంతస్తు కోసమైతే ఒక యాంటెనాని పడుకోబెట్టండి, రౌటర్‌ని బీరువా వెనక నుంచి తీసి మెట్ల దగ్గర ఎత్తున పెట్టండి. ఫాయిల్‌లో చపాతీలు చుట్టుకోండి.